నాలుగు రీడింగుల భుజంగరావు

మా భుజంగరావుగారు దేన్నయినా నాలుగుసార్లు చూడందే దానిమీద ఒక్క మాట చెప్పరు.

సూరత్‌లో మా ఆఫీసు పని, ఫ్యాక్టరీల చుట్టూ భూమిలో నీళ్లు చెడ్డాయా లేదా అని చూడటం. మూడు నెలలకోసారి బోర్ల నీళ్లు పరీక్ష చేయించి, వచ్చిన అంకెలు కంప్యూటర్‌కి ఎక్కిస్తాం. కాలుష్యం పెరుగుతోందో తగ్గుతోందో సాఫ్ట్‌వేర్ చెబుతుంది. నాలుగు రీడింగులు లేకపోతే మాత్రం ‘డేటా చాలదు’ అని మొరాయిస్తుంది. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. ఈయన దానితో పదిహేనేళ్లున్నారు.

“పప్పులో ఉప్పు సరిపోయిందా?” అని భార్య కాత్యాయనిగారు అడిగితే, “ఒక్క ముద్దకే ఎలా చెప్పను? ఇంకో మూడు తిననీ” అంటారు. ఆవిడ ఉప్పు డబ్బా ముందు పెట్టేసి వెళ్లిపోతారు.

ఊళ్లోనే అడాజన్‌లో ఫ్లాట్ కొందామని ఈయన నన్ను తోడు రమ్మన్నారు. మూడుసార్లు చూశాం. నాలుగోసారి వెళ్లేసరికి అందులో ఎవరో గృహప్రవేశం చేసుకుంటున్నారు. మాకు ప్రసాదం పెట్టారు.

పోయిన వేసవిలో, సూరత్ పక్కనే ఉన్న సచిన్ అనే ఊళ్లో ఒక రంగుల ఫ్యాక్టరీ వెనక బస్తీ బోరుకి చేయించిన మొదటి పరీక్షలోనే క్రోమియం హద్దు దాటింది. బస్తీ పిల్లలు తాగేది ఆ నీళ్లే. ఫ్యాక్టరీ మేనేజరు అంబదాస్‌గారు తాపీగా ఆఫీసుకొచ్చి కూర్చున్నారు.

“ఒక్క రీడింగే కదండీ. దీంతో ఏమైనా తేలినట్టా?”

“తేల్లేదండీ” అన్నారు ఈయన. నాకు ఒళ్లు మండింది.

“మరింకేం” అని అంబదాస్‌గారు లేవబోయారు.

“కూర్చోండి. తప్పు మీదని తేల్లేదు. నీళ్లు మంచివనీ తేల్లేదు. నాలుగూ వచ్చేదాకా బోరుకి తాళం, బస్తీకి రోజూ మీ ట్యాంకరు. రిపోర్టులో అదే రాస్తున్నాను.”

“ఇంకో తొమ్మిది నెలలు పడుతుంది కదండీ.”

“పడుతుంది. తొందరపడితే మీకే అన్యాయం.”

అంబదాస్‌గారి వాదన ఆయన మెడకే చుట్టుకుంది. మర్నాడే ట్యాంకరు కదిలింది. మరుసటి వేసవికల్లా బస్తీకి మున్సిపల్ పైపు పడుతుందని ఈయన అంతకుముందే వెళ్లి కనుక్కొచ్చారని నాకు తర్వాత తెలిసింది. ఈయనకు దణ్ణం పెట్టాలనిపించింది.

మూడో రీడింగుకి బస్తీకి వెళ్లాం. తెలంగాణ నుంచి వచ్చిన నర్సింగం అనే మగ్గం కార్మికుడు ట్యాంకరు దగ్గర బిందెలో నీళ్లు పట్టుకుంటున్నాడు.

“ఏమన్న తేలిందా సార్?”

“ఇంకా లేదయ్యా. ఇంకోటి చూడాలి.”

నర్సింగం బిందె భుజానికెత్తుకున్నాడు.

“పైపు ఇంకా పడలే సార్. జర నిదానంగనే చూడుండ్రి. మాకేం జల్దీ లేదు.”