రి దగ్గర తప్పు

పాపకి ఆరేళ్లు నిండగానే ప్రత్తిపాడులో ఒక సంగీతం టీచరుగారి దగ్గర చేర్పించాం. ఆవిడ షరతు ఒకటే. పిల్లని తీసుకొచ్చినవాళ్లు పక్కన కూర్చుని తామూ పాడాలి, ఇంటి దగ్గర రోజూ పిల్లతో కలిసి సాధన చెయ్యాలి. మా ఆవిడ గుంటూరులో ఉద్యోగం చూసుకుని బస్సు దిగేసరికి చీకటి పడేది. అందుకని ఆ గండం నాకొచ్చిపడింది.

నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. అందులోనూ అది పత్తికి పచ్చపురుగు పట్టిన ఏడాది. కొట్టిన మందే మళ్లీ కొడుతున్నాం, పురుగు చావట్లేదు. చాప మీద కూర్చుని సరిగమలు పాడుతున్నా మనసంతా చేలోనే. కాలు ఆడించేవాణ్ణి, కిటికీలోంచి మబ్బు చూసేవాణ్ణి, వీధిలో మోపెడ్ చప్పుడైతే మెడ తిప్పేవాణ్ణి.

"ఏవండీ, పురుగు ఇక్కడ లేదు. ఇటు చూసి పాడండి," అనేవారు టీచరుగారు. పిల్లలతో వచ్చిన తల్లులంతా గొల్లున నవ్వేవాళ్లు. పాప మాత్రం నవ్వేది కాదు.

మూడు నెలలయ్యాక ఒకరోజు ఆవిడ శ్రుతిపెట్టె ఆపేశారు.

"పాపకి రి నిలవట్లేదండి, పైకి పోతోంది. మొదట్లో బాగానే పాడేది. వచ్చే వారానికి సరిచెయ్యకపోతే పిల్లల కచేరీలో కూర్చోబెట్టలేను."

ఆ కచేరీకి ఏ గౌను వేసుకోవాలో కూడా పాప అప్పటికే తేల్చుకుంది. దారంతా దాన్ని కేకలేశాను.

"ఏమే, చెవులు పనిచెయ్యట్లేదా? చేను గాలికొదిలేసి నేనొచ్చి కూర్చునేది ఇందుకా?"

ఆ వారమంతా అదే వరస. ఇద్దరం పాడటం, రి తప్పిందేమోనని నేను అనుమానపడటం, అరవడం.

గడువుకి ముందురోజు చేలోంచి పెందలాడే వచ్చేశాను. వరండాలో పాప ఒక్కతే పాడుకుంటోంది. రి ఎక్కడుండాలో అక్కడే ఉంది, అచ్చం టీచరుగారు పాడినట్టే. మళ్లీ పాడింది, మళ్లీ కుదిరింది. సంతోషం పట్టలేక పక్కన కూలబడి గొంతు కలిపాను. రి దగ్గరికొచ్చేసరికి నా గొంతు పైకి పోయింది. దాని వెనకే పాప గొంతూ పోయింది. అప్పుడు వినపడింది నాకు, తప్పెవరిదో.

"నీకు వచ్చు కదే! మరెందుకు తప్పు పాడుతున్నావ్?"

"నువ్వలాగే పాడతావుగా నాన్నా. ఇద్దరం తప్పు పాడితే నిన్నొక్కణ్ణే చూసి నవ్వరుగా."

సిగ్గుతో చచ్చిపోయాను. వారం రోజులు తిట్లు తింది, ఆ ఒక్క ముక్క నాతో అనలేదు.

మర్నాడు క్లాసులో అందరి ముందూ చెప్పాను. తప్పు పిల్లది కాదండి, నాదేనండి, దాన్నొక్కదాన్నే పాడించి చూడండి అని. నేను చెబుతున్నంతసేపూ పాప నా చొక్కా పట్టుకుని లాగుతూనే ఉంది, చెప్పొద్దని.