ఫిరంగి చెవుల పగ

ఊరంతా ఆయన్ను ఫిరంగి అనే పిలుస్తుంది. కన్నతల్లి పెట్టిన పేరు గుర్తింపు కార్డు మీద ఎక్కడో ఉండే ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయన పలకడు. ఫిరంగి అని పిలిచినా పలకడు, అది వేరే సంగతి. వెళ్లి భుజం తట్టాలి.

పదకొండేళ్లు సైన్యంలో పెద్ద ఫిరంగికి గుండ్లు నింపిన మనిషి. అది ఒక్కసారి పేలితే మూడు కొండల అవతల కోళ్లు వారం రోజులు గుడ్లు పెట్టడం మానేసేవనీ, ఒకటీ అరా పెట్టినా అవి ఉడికే బయటికొచ్చేవనీ చెబుతాడు. కోళ్ల మాట ఎలా ఉన్నా చెవుల మాట నిజం. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో, ఎవరో కుళాయి తిప్పి కట్టేయడం మరిచిపోయినట్టు, పగలూ రాత్రీ ఒకటే హోరు.

సైన్యం వదిలాక కుట్టుమిషన్లు బాగుచేయడం మొదలుపెట్టాడు. సందు మలుపులో ఒక గది. గోడకి తోలు బెల్టులు, చిన్న సీసాల్లో సూదులు, బల్ల మీద నూనె డబ్బా, ఎప్పుడు చూసినా రెండు మూడు విప్పేసిన మిషన్లు. చెవులున్న మెకానిక్కు చప్పుడు విని జబ్బు కనిపెడతాడు. ఫిరంగి మాత్రం మిషను తల మీద మోచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, భార్యను తొక్కమంటాడు. రెండు నిమిషాల్లో తీర్పు వచ్చేస్తుంది.

"షటిల్లో దారం ముక్క ఇరుక్కుంది. ఎర్ర దారం."

విప్పితే దారం ఉంటుంది. రంగు మాత్రం చాలాసార్లు తప్పుతుంది. అదేంటని అడిగితే, "మోచేతికి కళ్లు కూడా కావాలా మీకు?" అని ఎదురు తిరుగుతాడు.

ఇంత చక్కని మనిషికి ఒకే ఒక్క జబ్బు. పగ. దానికి రోజూ నూనె పోసి, తుప్పు పట్టకుండా తొమ్మిదేళ్లు చూసుకున్నాడు. ఆ పగ ఎవరి మీదా అంటే, మాజీ సైనికుల సంఘం ప్రెసిడెంటు మీద. ఆయన్ను అందరూ వెనకాల స్టాంపు అంటారు. ఒకప్పుడు ఫిరంగి ఉన్న దళంలోనే ఆయన రికార్డుల గుమాస్తా.

సంగతి మొదలైంది ఇరవై ఏడేళ్ల కిందట, సైన్యం నుంచి విడుదలైన రోజున. ఇంటికి పంపే ముందు వైద్యపరీక్ష. మూడొందల మంది వరసలో నిలబడ్డారు. చివర్లో బల్ల, బల్ల వెనక స్టాంపు. అప్పటికి బరువైన గొంతులు కుడి చెవికి ఇంకా కాస్త అందేవి.

"చెవులు?" అన్నాడు స్టాంపు తలెత్తకుండా.

"హోరు సార్. ఎడమది అసలు పనిచేయట్లేదు."

"చూడు తమ్ముడూ, హోరు అని రాశాననుకో, ఆసుపత్రిలో ఆరు వారాలు పడుకోవాలి. లారీ నాలుగింటికి కదులుతుంది. హోరు రాయించుకుంటావా, లారీ ఎక్కుతావా?"

ఫిరంగి చొక్కా జేబులో ఫొటో ఉంది. ఇరవై రోజుల కూతురు. ఇంకా చూడలేదు.

"లారీ ఎక్కుతాను సార్."

టప్పున ముద్ర పడింది: 'ఏ బాధా లేదు.'

ఆ రోజు ఆ బల్ల దగ్గర మూడొందల మందిలో ఒక్కరికీ ఏ బాధా లేదు. విరిగిన నడుములూ, కాలిన వేళ్లూ, కుంటే కాళ్లూ అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. చావుకి భయపడని వాళ్లంతా లారీ వెళ్లిపోతుందేమోనని భయపడ్డారు.

ఫిరంగి ఇంటికొచ్చి కూతుర్ని భుజాన వేసుకున్నాడు. పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. ఆయనకి నోరు తెరవడం కనిపించింది, అంతే. సన్నని గొంతులు అప్పటికే పోయాయి.

తొమ్మిదేళ్ల కిందట కుడి చెవి కూడా దాదాపు ఖాళీ అయ్యాక, చెవి మిషనుకీ, వైద్యానికీ సంక్షేమ కార్యాలయంలో దరఖాస్తు పెట్టాడు. నెల తిరక్కుండా జవాబొచ్చింది. విడుదలనాటి రికార్డులో ఏ బాధా లేదని ఉంది కాబట్టి కుదరదు. కాగితం పట్టుకుని రెండో శనివారం సంఘం మీటింగుకి వెళ్లాడు.

"సార్, ఆ రోజు నేను హోరని చెప్పాను కదా. ఆ ఒక్క ముక్క రాసివ్వండి, చాలు."

రాసిస్తే తను తప్పుడు ముద్ర వేసినట్టు తనే ఒప్పుకున్నట్టు. స్టాంపు అంత తెలివితక్కువవాడు కాదు. హాలు వైపు తిరిగి, మీసం సర్దుకున్నాడు.

"ఫిరంగికి చెవుడేంటయ్యా! పెళ్లాం అరుపులు తప్పించుకోడానికి వేసే నాటకం!"

హాలంతా విరగబడి నవ్వింది. ఫిరంగికి ఆ నవ్వు వినపడలేదు, కనపడింది. నలభై నోళ్లు. వాటిలో పన్నెండు కట్టుడు పళ్లవి. అది కూడా లెక్కపెట్టాడు.

ఇంటికొచ్చాక భార్య మొహంలో మొహం పెట్టి అడిగింది. ఆవిడ పెదాలు చదవడం ఆయనకి అచ్చు చదివినంత సులువు.

"ఏమన్నాడు?"

"నువ్వు అరుస్తావన్నాడు."

ఆ క్షణం నుంచి పగ ఇద్దరిదీ అయింది.

"వాడి నోటితోనే చెప్పించాలి," అంది ఆవిడ. "అందరి ముందూ. వాడి నోటితోనే."

ఇంకొకరైతే సంఘం మానేసేవారు. ఫిరంగి ఒక్క శనివారం తప్పలేదు. బీపీ చూసే క్యాంపులకి బల్లలు మోశాడు. చనిపోయిన సైనికుల భార్యలకి సంఘం ఇచ్చే కుట్టుమిషన్లన్నీ ఊరికే బాగుచేశాడు. ఇంట్లో మాత్రం మాజీ సైనికులకొచ్చే సౌకర్యాల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. అట్ట ఊడింది, కుట్టాడు. మళ్లీ ఊడింది, మళ్లీ కుట్టాడు. ఎవరికి ఏ వైద్యం వస్తుందో, ఏ కాగితం జతచేయాలో, ఎన్ని రోజుల్లో అప్పీలు చేయాలో స్టాంపు కన్నా ఆయనకే బాగా తెలుసు. కొత్తగా విడుదలవబోయే కుర్రాళ్లెవరైనా షాపుకి వస్తే ఒకటే చెప్పేవాడు: "లారీ పోతే పోనీ. నొప్పి రాయించుకుని రండి."

నలభై ఒకటో పేజీ ఆయనకి కంఠతా వచ్చు. రికార్డులో లేకపోయినా, ఆనాడు అక్కడున్న మనిషి అధికారి ఎదుట నోటితో చెప్పి సంతకం పెడితే, ఆ సాక్ష్యం చెల్లుతుంది.

ఇక స్టాంపు మోకాలి కథ. శత్రువు బాంబు పడి, తను ముప్పై అడుగులు ఎగిరిపడ్డానని ఆయన ప్రతి మీటింగులోనూ చెప్పేవాడు. ఏటేటా ఆ అడుగులు పెరిగాయి. పోయినేడాదికి ఒక చెట్టు మీద కూడా వాలాడు. చివరికి మోకాలికి ఆపరేషన్ చేయించుకోడానికి దరఖాస్తు పెడితే, ఆయన రికార్డులో కూడా ఏ బాధా లేదు! ముద్ర ఎవరిదంటే, తనదే. లారీ ఆయనకీ నాలుగింటికే కదిలింది మరి. సాక్షి కావాలన్నారు. ఆయన పడ్డప్పుడు పక్కనున్నది ఒకే ఒక్క మనిషి. ఫిరంగి.

బిస్కెట్ల పొట్లం పట్టుకుని షాపుకి వచ్చాడు.

"ఏమోయ్ ఫిరంగీ, బాగున్నావా? మనమూ మనమూ ఒకటి కదా!"

"ఆయనకి చెవుడు కదండీ," అంది భార్య, దారం చుడుతూ. "అయ్యో, కాదు కాదు, నాటకం. మర్చేపోయాను."

ఫిరంగి స్టాంపు పెదాలనే చూస్తూ మోకాలి సాక్ష్యం సంగతి మొత్తం చదివేశాడు. తర్వాత నిమ్మకు నీరెత్తినట్టు అన్నాడు:

"శనివారం సంక్షేమ కార్యాలయం మేడమ్ హాలుకి వస్తున్నారుగా సార్. ఆవిడ ముందే అడగండి, అక్కడే రాసిస్తాను. పుస్తకంలో అలాగే ఉంది."

స్టాంపు పొంగిపోయి, పొట్లం అక్కడే వదిలేసి వెళ్లాడు.

"జాలి పడ్డారా ఏంటి కొంపదీసి?" అంది భార్య.

"ఆ పాత మిషను బయటికి తియ్యి."

"ఏది?"

"అన్నిటికన్నా ఎక్కువ మోత చేసేది."

రెండు సాయంత్రాలు రిహార్సల్ జరిగింది. కూతురు స్టాంపు వేషం కట్టింది. తండ్రిని మరీ మనసుపెట్టి తిట్టిందని తల్లి మందలించాల్సి వచ్చింది.

సంఘం హాలు స్పేరుపార్టుల కొట్టు మీద ఉంటుంది. ఇనుప మెట్లు, నలభై ప్లాస్టిక్ కుర్చీలు, దిండు వేసిన ప్రెసిడెంటు కుర్చీ ఒకటి. శనివారం మధ్యాహ్నం మూడింటికి మేడమ్ ఫారాల కట్టతో బల్ల దగ్గర కూర్చుంది. ఆ బల్లకి రెండడుగుల దూరంలో కుట్టుమిషను. ఒక సైనికుడి భార్యకి ఇవ్వాల్సింది, పరీక్ష చేస్తున్నామన్నారు. భార్య తొక్కుతోంది. ఫిరంగి దాని తల మీద మోచెయ్యి ఆనించి, చూపులు సూది మీద పెట్టి కూర్చున్నాడు. పెదాలు చూడకపోతే ఆయనకి లోకమంతా గోడే. మిషను గడగడలకి కిటికీ అద్దాలు అదురుతున్నాయి.

స్టాంపు వచ్చి వంగాడు. "ఫిరంగీ, ఆ కాగితం..."

గడగడ.

"కాగితమయ్యా! నా మోకాలి కాగితం!"

"నూనె చాల్లేదే," అన్నాడు ఫిరంగి భార్యతో.

వెనక వరస నుంచి ముసలి వంటవాడొకడు అందుకున్నాడు: "సార్, నాటకమన్నారుగా! మెల్లిగా అడగండి, వింటాడు!"

ఈసారి హాలు ఎవరిని చూసి నవ్విందో స్టాంపుకి అర్థమైంది. మెడ నరాలు తాళ్లలా లేచాయి. భుజం పట్టి కుదిపాడు. ఫిరంగి ఒక్కసారి తలెత్తాడు.

"ఏదో అంటున్నారా సార్? నాకు చెవుడు లేదని మీరే తేల్చేశారు. మరి వినపడట్లేదంటే లోపం మీ గొంతులో ఉండాలి." మళ్లీ తల దించేశాడు.

"నా గొంతులో లోపమా!" స్టాంపు మిషను మోతను మించి అరిచాడు. "నీ చెవుల సంగతి నాకు తెలీదట్రా! ఆ రోజు..."

భార్య రెండు కాళ్లూ పైకెత్తేసింది. మిషను ఠక్కున ఆగింది.

"...హోరు, హోరని నువ్వు మొత్తుకుంటుంటే, ఏ బాధా లేదని ముద్ర గుద్దింది నేను కాదా!"

నిశ్శబ్దమైన హాల్లో ఆ అరుపు గోడలకి తగిలి తిరిగొచ్చింది. ఫిరంగికి అరుపు తెలియలేదు. మోచేతి కింద వణుకు ఆగడం తెలిసింది. తలెత్తి చూసేసరికి స్టాంపు పెదాల మీద చివరి రెండు మాటలు ఇంకా ఉన్నాయి. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన ఆ రెండు మాటల్నీ తీరిగ్గా చదువుకున్నాడు.

మేడమ్ కలం పైకెత్తింది. "ఆగండి. ఆ ముక్క మళ్లీ చెప్పండి. ఏ తేదీన జరిగింది?"

"అబ్బే, కోపంలో ఏదో..."

"కోపంలోనే అన్నీ గుర్తొస్తాయండీ," అంది భార్య. "చెప్పండి, చెప్పండి. అరిచేదాన్ని నేనే అనుకున్నాను ఇన్నాళ్లూ."

ఈలోపు వంటవాడు కుర్చీలోంచి లేచాడు. "నా వేళ్లు కాలాయని నేనూ చెప్పానయ్యా ఆ రోజు!" ఇంకొకడు లేచాడు: "నా నడుము!" చూస్తుండగానే బల్ల ముందు వరస కట్టారు. ఆనాటి వరసే, ఇరవై ఏడేళ్లు ముసలిదైంది. తప్పించుకునే దారిలేక స్టాంపు ఒక్కో ఫారం మీదా సాక్ష్యం చెప్పి సంతకం పెట్టాడు. మొదటిది ఫిరంగిది. కలం కూడా ఫిరంగే ఇచ్చాడు, మూత తీసి మరీ.

"మరి నా మోకాలు?" అన్నాడు స్టాంపు చివర్లో. గొంతు పోయింది.

"మాటిచ్చాను కద సార్." ఫిరంగి అక్కడే కూర్చుని ఉన్నది ఉన్నట్టు రాశాడు. రేషను లారీ ఆగి ఉంది. శత్రువు ఆ చుట్టుపక్కల ఎక్కడా లేడు. పైన దాచిన జామ్ డబ్బా దొంగిలించడానికి ఎక్కి సారు జారిపడ్డారు. డబ్బా అనాసపండుది. మోకాలికి దెబ్బ తగిలిన మాట ముమ్మాటికీ నిజం. సంతకం పెట్టి, నాలుగు మడతలు పెట్టి, చేతికిచ్చాడు.

స్టాంపు చదివి నల్లబడిపోయాడు.

"మేడమ్ బండి నాలుగింటికి కదులుతుంది సార్," అన్నాడు ఫిరంగి. "కాగితం ఇస్తారా, ఇంటికెళ్తారా?"

స్టాంపు ఇంటికెళ్లాడు. ఆ కాగితం ఆయన లోపలి జేబులో నలుగుతూనే ఉందని చెప్పుకుంటారు. మోకాలు నొప్పెట్టినప్పుడల్లా తీసి చదువుకుంటాడట.

అయిదు నెలలకి ఫిరంగి కుడి చెవికి చెవి మిషను వచ్చింది. పెట్టుకోగానే భార్య అడిగింది, "వినపడుతోందా?"

"నువ్వు నిజంగానే అరుస్తావే!" అన్నాడాయన.

కూతురు పక్కకొచ్చి మెల్లిగా, "నాన్నా," అంది. సన్నని గొంతు. చివర్లో కాస్త తెగినట్టుంటుంది. ఫిరంగి ఆ మాట మళ్లీ అనమన్నాడు. ఇంకోసారి అనమన్నాడు. అప్పుడు చల్లారాల్సింది పగ. చల్లారలేదు. ఆ టప్పుమన్న ముద్ర కింద ఇన్నేళ్లూ ఏం నలిగిపోయిందో ఆయనకి ఆ రోజే తెలిసింది.

ప్రెసిడెంటు పదవి ఇంకా స్టాంపుదే. కుర్చీలు వేయించే ఓపిక ఇంకెవరికీ లేదు. రెండో శనివారం ఆయన లేచి గొంతు సవరించుకుంటాడు. మొదటి వరసలో, సరిగ్గా ఎదురుగా, ఫిరంగి చెవిలోంచి మిషను తీస్తాడు. రుమాలుతో తుడుస్తాడు. హాలంతా చూస్తుండగా డబ్బాలో పెట్టి మూత నొక్కుతాడు.

టప్.

తర్వాత చేతులు కట్టుకుని, ఉపన్యాసం అయిపోయేదాకా, కిటికీలోంచి రోడ్డు మీద లారీలు చూస్తూ కూర్చుంటాడు.