పలకని బిళ్ల

అంబత్తూరు షెడ్డులో నేను నడిపే యంత్రం, పింగాణీ పొడి, పాలిమర్ జిగురు కలిపిన ఇంకును సన్నటి ముక్కులోంచి దారంలా వదులుతుంది. మురుకులు ఒత్తినట్టు వరస మీద వరస వేసుకుంటూ పోతే అరచేతంత జల్లెడ బిళ్ల తయారవుతుంది. దాన్ని ఫర్నేసులో నిదానంగా కాలిస్తే జిగురు పోయి, రంధ్రాల పింగాణీ మిగులుతుంది. పక్క వీధి ఫౌండ్రీలో కరిగిన ఇనుము పోసేటప్పుడు మడ్డి ఆగడానికి అచ్చు దారిలో ఈ బిళ్లే పెడతారు. ఆ ఇనుము పోసేది మా అన్న.

ఆయుధపూజనాడు యంత్రాన్ని నడపం. ఖాళీ యంత్రానికి బొట్టు పెట్టకూడదని మా ఓనరమ్మ నమ్మకం. అందుకే ఇంకు గొట్టం తీయకుండానే గంధం, కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి ఇళ్లకు పోయాం. ముక్కుకు మూత పెట్టాల్సింది నేను. కుంకుమ చెదురుతుందని పెట్టలేదు.

మర్నాటికి ఇంకు చిక్కబడింది. పారేసి కొత్తది కలపాలంటే పూటంతా పోతుంది. రోజూ దోసెల పిండి పలచన చేసే చేతికి అదేమంత పని అనుకున్నాను. కాస్త ద్రావకం పోసి కలిపేశాను. బిళ్లలు ముచ్చటగా వచ్చాయి. కాలిన తర్వాత కూడా ఏ తేడా కనబడలేదు.

"ఏమ్మా, అన్నీ సరిగా ఉండాయా?" అని ఓనరమ్మ మామూలుగా అడిగింది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "ఇంకు కొత్తదేనమ్మా" అన్నాను. ఆమె ఇంకు సంగతి అడగనే లేదు.

ఆ బిళ్లల పెట్టె ఫౌండ్రీకి పోయిన మర్నాడు, నమూనాకని ఉంచుకున్న బిళ్లను దుమ్ము తుడవబోతే నా చేతిలోనే రెండు ముక్కలైంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. అచ్చులో బిళ్ల విరిగి దారికి అడ్డం పడితే, పోసిన ఇనుము వెనక్కి పొంగుతుంది. పోసేవాడి కాళ్ల మీదికే వస్తుంది. అది సరిగ్గా పోత మొదలయ్యే వేళ. అన్నకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాను. ఉద్యోగం పోతుందన్న భయం ఫౌండ్రీ గేటు దాకా ఉంది, ఆ తర్వాత లేదు.

"అన్నా, పోయబాక!"

"ఏమే, ఈడికెందుకొచ్చినావు? ఆడే నిలబడు!" అని అరిచాడు. ఇనుము గరిట అప్పటికే అచ్చు మీదికి వచ్చింది.

దూరం నుంచే, ఏడుస్తూ అంతా చెప్పేశాను. అన్న ఇనుమును తిరిగి ఫర్నేసులో పోయించాడు. పెట్టెలోని బిళ్లలను ఒక్కొక్కటే తీసి, కుండ బేరం చేసేవాళ్లలా వేలితో కొట్టి విన్నాడు. ఖంగుమన్నవి కొన్నే. పలకనివే ఎక్కువ. చివరికి, పొద్దున్నుంచి కష్టపడి కట్టిన అచ్చును పగలగొట్టించాడు. అందులోని బిళ్ల అతని గుప్పిట్లో రస్కులా పొడైపోయింది.

తిడతాడనుకున్నాను. ఆ పొడిని దులిపేసుకుని, నన్ను గేటు దాకా తీసుకొచ్చాడు.

"వదినకి చెప్పబాక" అన్నాడు. నేను తలూపాను.

ఓనరమ్మకు నేనే చెప్పాను. పని పోలేదు. ఇప్పుడు రోజూ ముక్కుకు మూత పెట్టానో లేదోనని బస్టాప్ దాకా వచ్చి వెనక్కి పోతుంటాను. కానీ నన్ను ఇప్పటికీ భయపెట్టేది ఆ మూత కాదు, ఆ రోజు గేటు దగ్గర అన్న చెప్పిన మాట.

"ఎవురు చేసిన బిళ్లనైనా కొట్టి చూసే పెడతానే నేను. నువ్వు చేసినయ్ కదా అని ఒక్కటీ చూళ్ళేదు."