ఈశ్వరమ్మక్క దారం ఎక్కించి పెట్టిన సూదులు

నిన్న పొద్దున షాప్ షట్టర్ సగం ఎత్తాను, ఫోన్ మోగింది. ఈశ్వరమ్మక్క కొడుకు మంజు.

అమ్మ నిద్రలోనే పోయిందన్నా అన్నాడు.

సాయంత్రం షాప్‌కి వస్తానని చెప్పింది కదరా అన్నాను. షట్టర్ అలాగే సగంలో వదిలేసి పరుగెత్తాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. అక్క బొమ్మనహళ్ళిలో గార్మెంట్ యూనిట్‌లో చెకింగ్ సెక్షన్. తొంభైల్లో నేను మ్యాచింగ్ సెంటర్ పెట్టిన కొత్తలో నా ఫస్ట్ రెగ్యులర్ కస్టమర్. డ్యూటీ అవ్వగానే వచ్చేది. దారం రీలు కొనేది, మిగిలిపోయిన లైనింగ్ ముక్కలు ఏరుకునేది, కౌంటర్ పక్కన స్టూల్ మీద కూర్చుని బొంత కుట్టేది. పాత చీరలు మూడు పొరలు, పైన రంగురంగుల ముక్కలు, మొత్తం చేత్తోనే. కన్నడంవాళ్ళు కౌది అంటారు కదా, అదే.

రోజంతా వేరేవాళ్ళ కుట్లలో తప్పులు వెతికే ఉద్యోగం. సాయంత్రం తన కుట్టు తను కుట్టుకోవడమే ఆమెకి రెస్ట్.

ప్రయాణం అంటే ఇంకా హుషారు. బయల్దేరే ముందే మంచి వెలుతురులో కూర్చుని పది సూదులకి దారం ఎక్కించి, ఒక ఫ్లానెల్ ముక్కకి వరసగా గుచ్చుకునేది. కదిలే బండిలో కుట్టడం ఈజీ, దారం ఎక్కించడమే కష్టం అనేది. ఊరు చేరేసరికి పదీ ఖాళీ కావాలి.

ఒకసారి మా బంధువుల పెళ్ళికి, ఆమెతోపాటే హిందూపురం ప్యాసింజర్‌లో వెళ్ళాను. గౌరీబిదనూరు దాటాక క్రాసింగ్ కోసం బండి ఆపేశారు. గంటైనా కదల్లేదు. అందరూ రైల్వేవాళ్ళని తిడుతున్నారు.

అక్క బొంత అంచు ఎదుటి సీటు దాకా పరిచింది. తలా ఒక సూది చేతిలో పెట్టింది.

పూలమ్మే ఆమె, ఒక కాలేజీ అమ్మాయి, నేను. ఒక కానిస్టేబుల్ కూడా, టోపీ తీసి పక్కన పెట్టి మరీ. ఆయన కుట్టు ఒక్కోటి అంగుళం పొడుగు.

"ఏమప్పా, దొంగను కట్టేసినట్ల కుడ్తాండావే" అంది అక్క.

పెట్టె అంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. బండి కదిలాక కూడా ఎవరూ సూది వదల్లేదు.

ఇంటికెళ్ళాక అవన్నీ విప్పేస్తుందిలే అనుకున్నా. ఒక్కటీ విప్పలేదు.

ఇక నా కథ. నాకూ ఒక బొంత కావాలని ఏళ్ళ తరబడి అడిగాను. తర్వాతది నీదే అనేది. ఈలోపు ఎవరికో బిడ్డ పుట్టేది. మా వీధి పీజీలో కొత్తగా దిగిన పిల్ల చలికి వణికేది. నా బొంత అటు వెళ్ళిపోయేది.

ఒకసారి నిజంగానే నా వంతు వచ్చింది. సగం కుట్టి షాప్‌లో పెట్టి ఊరెళ్ళింది. నేను ఆగలేక, హెల్ప్ చేసినట్టూ ఉంటుందని, పక్కనున్న టైలర్‌తో మిగతా సగం మెషిన్ మీద లాగించేశా. లైన్లు స్కేల్ పెట్టి గీసినట్టు వచ్చాయి. ఆమె రాగానే గొప్పగా చూపించాను.

అక్క కత్తెర అడిగింది. స్టూల్ మీద కూర్చుని మెషిన్ కుట్టంతా విప్పింది. మూడు సాయంత్రాలు పట్టింది.

నాకు కోపం వచ్చింది. ఆ కానిస్టేబుల్ కుట్లు ఉంచుకున్నావు, ఇంత నీట్‌గా ఉన్నది విప్తావా అని అడిగేశాను.

"ఆయప్ప కూర్చోని కుట్నాడు కదప్పా. నువ్వు తప్పించుకుంటివి."

అంతే. నన్ను మళ్ళీ లైన్ చివరికి పంపేసింది. ఆ బొంత యూనిట్‌లో కొత్తగా పెళ్ళైన అమ్మాయికి వెళ్ళింది. నాకు ఇంకో ఆరేళ్ళ వెయిటింగ్.

ఈమధ్యే మళ్ళీ నాది మొదలుపెట్టింది. ముప్పావు వంతు అయింది. ఆదివారం ఊరికెళ్తూ బండిలో పూర్తి చేసేస్తా అంది. మొన్న షాప్‌లో కూర్చుని పది సూదులకీ దారం ఎక్కించి పెట్టింది. బొంత, సూదులు ఇక్కడే ఉంచు, రేపు సాయంత్రం వచ్చి తీసుకుపోతా అని చెప్పి వెళ్ళింది.

నిన్న అంతా అయ్యాక మంజు నా దగ్గరికి వచ్చాడు. అమ్మ పరుపు, దుప్పట్లు అన్నీ తీసేయమంటున్నారు పెద్దవాళ్ళు, ఆ బొంత కూడా పంపించన్నా, ఎలాగూ పూర్తి కాలేదు కదా అన్నాడు.

ఇవ్వను, పూర్తి చేస్తా అన్నాను.

"గుండీ ఊడితే కుట్టుకోవు. నువ్వు కుడ్తావా అన్నా?" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాడు.

ఇందాకే షాప్ తీశాను. ఫ్లానెల్ ముక్క స్టూల్ మీదే ఉంది. పది సూదులు. పదింటికీ దారం.

ఒకటి వాడేశాను. నా వరస పాము పోయినట్టుంది. విప్పను.

ఇంకా తొమ్మిది ఉన్నాయి. అక్కతో పనిచేసినవాళ్ళు, అక్క బొంత కప్పుకుని పడుకున్నవాళ్ళు, పదకొండో రోజు లోపల ఎప్పుడైనా షాప్‌కి రండి. తలా ఒక వరస. కుట్టడం రాకపోయినా పర్లేదు. టీ నాది. మెషిన్ సలహాలు మాత్రం వద్దు.

మంజూ, ఒక సూది నీకోసం పక్కన పెట్టాను.

అక్కా, ఈసారి ఇది నాదే. ఎవరు వణికినా ఇవ్వను. సరేలే, చూద్దాం.

పోయిరా అక్కా. ఈ పదీ అయిపోయాక దారం మేమే ఎక్కించుకుంటాం. నువ్వు హాయిగా పడుకో.