లీగు వదిలేసిన జట్టు గెలిచిన ఏడు

మా అన్నియ్య బతికే ఉన్నాడని మాకు తెలిపింది ఒక ఫుట్‌బాల్ వార్త. అదీ తప్పుడు వార్త. అది నిజమైన వార్త అయివుంటే మేం ఆ ఏడంతా ఏడుస్తూనే ఉండేవాళ్ళం.

ఎనభై ఎనిమిదిలో మా ఊరు ఇంకా యాంగోన్ కాలేదు, రంగూనే. మా పెద్దవాళ్ళ నోట అదీ కాదు, రంగం. మింగళ తౌంగ్‌న్యున్‌ పేటలో రెండు గదుల వాటా మాది. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అమ్మ ఇంట్లో కుట్టుపని చేసేది. అన్నియ్య యూనివర్సిటీలో మూడో ఏడు, నేను మొదటి ఏడు. చదువుకున్న పిల్లనన్న పొగరు నాకు అప్పటికే పుష్కలంగా ఉండేదని మా వీధిలో అనుకునేవారు. అబద్ధమేమీ కాదు.

మా తెలుగు బాప్టిస్టు సంఘంలో ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. బర్మావాళ్ళు మాస్టారిని సయ్యా అంటారు, మేం దానికి గారు తగిలించి సయ్యాగారు అనేవాళ్ళం. ఆయన సంఘంలో పాస్టరుగారికి చేదోడుగా ఉండే డీకను, సండే స్కూలుకు పెద్ద, కుర్రాళ్ళ ఫుట్‌బాల్ జట్టుకు కోచి. ఈ మూడింటిలో ఆయనకు ఏది ముఖ్యమో దేవుడికే తెలియాలి. ఎవరు ఏం చెప్పినా సరిదిద్దకుండా ఉండలేని మనిషి. పాస్టరుగారు వాక్యం నంబరు తప్పు చెబితే ప్రసంగం మధ్యలో లేచి చెప్పేవారు. అలాంటి జబ్బే నాకూ ఉండటంతో మా ఇద్దరికీ ఒక్క ఆదివారం కూడా ప్రశాంతంగా గడవలేదు.

కొరియాలో అప్పట్లో ఒక క్రైస్తవ ఫుట్‌బాల్ క్లబ్బు ఉండేది. ఆటగాళ్ళందరూ విశ్వాసులే. పెద్ద పెద్ద కంపెనీల జట్లతో సమానంగా ఆ దేశపు లీగులో ఆడేవారు. గోలు వేస్తే గడ్డి మీద మోకాళ్ళూని ప్రార్థన చేసేవారు. మా సంఘంలో ఓడ మీద పనిచేసే మామయ్య ఒకాయన ఆ దేశపు రేవులో ఎవరో పంచిన పత్రిక తెచ్చి సయ్యాగారి చేతిలో పెట్టాడు. క్లబ్బు పేరు దేవుణ్ణి పొగిడే మాట అని అందులో రాసి ఉంది. సయ్యాగారు దానికి స్తోత్రం టీము అని పేరు పెట్టేశారు. ఇక మా వాళ్ళలో ముసలమ్మలకు కూడా అదే పేరు. కొరియా ఎటువైపు ఉందో తెలియనివాళ్ళు కూడా ప్రార్థనలో స్తోత్రం టీముని తలుచుకునేవారు.

పత్రికలో బొమ్మ చూసిన దగ్గర్నుంచి మా కుర్రాళ్ళు కూడా గోలు వేస్తే మోకాళ్ళ మీద పడాల్సిందేనని సయ్యాగారి ఆజ్ఞ. తాకేటా పేటలో ఒక మ్యాచిలో మా వాళ్ళు గోలు వేసి, బుద్ధిగా తమ సగంలోకి వచ్చి, బురదలో మోకాళ్ళూని కళ్ళు మూసుకున్నారు. రిఫరీకి ఇదంతా ఏం తెలుసు, ఈల ఊదేశాడు. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి అవతలివాళ్ళు మా గోలు ముందున్నారు. కళ్ళు మూసుకోనివాడు గోలు కాసే గోలీ ఒక్కడే. ఆ గోలీ మా అన్నియ్య. బంతి ఆపాడు. ఆపినందుకు మెచ్చుకోవాలా, ప్రార్థనలో కళ్ళు తెరిచినందుకు తిట్టాలా అని సయ్యాగారు వారం రోజులు ఆలోచించి, చివరికి తిట్టారు.

కొన్నేళ్ళు ఆడి ఆ కొరియా జట్టు లీగు వదిలేసింది. డబ్బు కోసం ఆడే ఆట తమకు వద్దనుకున్నారని ఓడ మామయ్య కబురు తెచ్చాడు. సయ్యాగారికి అది మహా త్యాగం. నాకు మాత్రం పారిపోవడం. గెలిచేవాళ్ళు ఆట వదిలేసి వెళ్ళిపోతే ఆ మైదానం ఎవరికి మిగులుతుందని మా సంఘం గుడి మెట్ల మీద నిలబడి అడిగాను. ఆ వాదన నెల రోజులు నడిచింది. సంఘంలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక పక్క చేరారు. ఆ జట్టు ఇక లీగులో లేదన్న సంగతి చంటిపిల్లలకు కూడా తెలిసిపోయేంత గట్టిగా అరుచుకున్నాం.

ఆ తర్వాత ఎనభై ఎనిమిది వచ్చింది. కాలేజీలు మూసేశారు. ఆగస్టులో సర్కారు దిగిపోవాలని ఊరు ఊరంతా వీధుల్లో ఉంది, మా అన్నియ్య కూడా. సెప్టెంబరులో సైన్యం వచ్చింది. కాల్పులు ఆగిన మూడో రోజున అన్నియ్య చొక్కా మార్చుకుని, అమ్మ వంటింట్లో ఉండగా బయటికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. చాలామంది విద్యార్థులు సైన్యం మీద పోరాడటానికి సరిహద్దు అడవులకు వెళ్ళిపోయారని అందరూ అనుకునేవారు. దారిలో మలేరియాతో పోయినవాళ్ళ గురించి, పట్టుబడినవాళ్ళ గురించి ఇంకా మెల్లగా అనుకునేవారు. వార్డు ఆఫీసువాళ్ళు వచ్చి, ఇంట్లో ఉండేవాళ్ళ జాబితాలో అన్నియ్య పేరు మీద వేలు పెట్టి అడిగితే, గొడవల్లో తప్పిపోయాడు, పోయాడేమోనని నాన్న చెప్పారు. అడవికి వెళ్ళాడని తెలిస్తే నాన్న ఉద్యోగం పోతుంది, ఆయన్ని తీసుకుపోతారు కూడా. అన్నియ్య బతికున్నాడో లేదో మాకు తెలియాలి. బతికుంటే ఆ సంగతి ఎవరికీ తెలియకూడదు. ఆ రోజుల్లో మా ఇంట్లో అన్నం ఉడికిందీ మాడిందీ ఈ రెంటి మధ్యే.

ఐదు నెలలకు ఉత్తరం వచ్చింది. కవరు విప్పి మళ్ళీ అంటించి ఉంది, జిగురు ఇంకా మరకగా కనిపిస్తోంది. మౌల్మీన్ ఊరి తపాలా ముద్ర. బర్మా భాషలో రాశారు, చేతిరాత ఎవరిదో. తెలుగులో రాస్తే చదవగలిగేవాడు దొరక్క తపాలా ఆఫీసులోనే ఆపేస్తారని రాసినవాడికి తెలుసన్నమాట. చిన్నాన్నకు నమస్కారాలు, ఇక్కడ వానలు లేవు, కొరియా లీగులో ఈసారి సతోతరన్ జట్టు గెలిచింది, గోలీ ఒక్క గోలు కూడా తినలేదు, ఎవరికీ దెబ్బలు తగల్లేదు, పిన్నికి చెప్పండి. అంతే.

మాకు మౌల్మీన్‌లో ఎవరూ లేరు. ఎవరిదో మనకొచ్చిందని నాన్న కవరు తిప్పి తిప్పి చూశారు. సతోతరన్ ఏ ఊరో అర్థం కాలేదు. నేను పైకి చదివాను. అమ్మకు బర్మా అక్షరాలు రావు, కుట్టుమిషను తొక్కుతూ వింటోంది. మిషను ఆగింది.

"ఆ పేరు మళ్ళీ సదువు," అంది.

చదివాను.

"స్తోత్రం అంతన్నాది గదే."

బర్మా అక్షరాల్లో మన ఒత్తులు ఎక్కడ నిలుస్తాయి. స్తోత్రం అని రాయబోతే సతోతరన్ అయి కూర్చుంటుంది. అక్షరాలు చూసిన నాకు తెలియనిది చెవితో విన్న అమ్మకు తెలిసింది. అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది, వెంటనే వాదనకు దిగాను. స్తోత్రం టీము ఎలా గెలుస్తుంది, వాళ్ళు లీగు వదిలేసి మూడేళ్ళయింది, రాసినవాడికి బుద్ధి లేదు, ఈ సంగతి మా సంఘంలో ఏ గోలీని అడిగినా చెబుతాడు, అంటూనే ఉత్తరం మొదటినుంచి మళ్ళీ చూశాను. గెలవలేని జట్టు గెలిచిందని రాస్తే ఆ తప్పు నేను పట్టుకోకుండా ఉండలేనని తెలిసినవాడు లోకంలో ఒక్కడే. గోలీ ఒక్క గోలు కూడా తినలేదు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

నాన్న ఉత్తరాన్ని పొయ్యిలో వేశారు. అమ్మ ఆపలేదు. బూడిద వైపే చూస్తూ కూర్చుంది.

ఎవరికీ చెప్పొద్దని నాన్న అమ్మకు ఆ వారమంతా చెప్పారు. అమ్మ తల ఊపింది. కానీ మా సంఘంలో ఆరాధన మధ్యలో సాక్ష్యాల వేళ అని ఒకటుంది. ఆ వారం దేవుడు మేలు చేసినవాళ్ళు లేచి చెప్పాలి. మేలు పొంది నోరు మూసుకోవడం అమ్మ దృష్టిలో దొంగతనం. మా బెంచీల్లో ఎవరో ఒకరు వార్డు ఆఫీసుకు మాటలు మోస్తారని అందరికీ తెలుసు, ఆ ఒక్కరు ఎవరో ఎవరికీ తెలియదు. నేను అమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకునే కూర్చున్నాను. విడిపించుకుని లేచింది.

"కొరియాలో మన స్తోత్రం టీము గెలిసిందని కబురొచ్చింది," అంది. "పిల్లలు ఎవులికీ దెబ్బలు తగల్లేదంట. దేవుడికి స్తోత్రం."

కొడుకు పోయి మతి చలించిందని నా వెనక ఒకావిడ నాలుక చప్పరించడం వినబడింది. అది మంచిదే, అలాగే అనుకోనీ అనుకున్నాను. ఇంతలో పాటల గుంపులోంచి ఒక అబ్బాయి, పాపం మంచి మనసుతోనే, అదేంటమ్మా, వాళ్ళు లీగు వదిలేసి మూడేళ్ళయింది కదా, ఈ కబురు ఎవరు తెచ్చారని అడిగాడు. అమ్మ నోరు తెరిచింది. ఆమెకు అబద్ధం చెప్పడం రాదు.

సయ్యాగారు లేచారు. ఆ జట్టు ఏ ఏడు వదిలేసిందో, ఏ నెలలో వదిలేసిందో కూడా ఆయనకు కంఠతా వచ్చు. ఆయన సరిదిద్దని తప్పంటూ ఆ గుడిలో పుట్టలేదు. ఆయన అమ్మ వైపు చూశారు. తర్వాత ఆ అబ్బాయి వైపు తిరిగారు.

"నువ్వు పాత సంగతి సెప్తన్నావు. మళ్ళీ సేరినారు. కబురు నానే సెప్పినాను, రేడియోలో ఇన్నాను. కూకో."

ఆయన చెప్పాక ఇంకెవరు మాట్లాడతారు. పాట ఎత్తుకున్నారు.

బయట గేటు దగ్గర ఆయనకు కృతజ్ఞత చెప్పాలని ఎదురుచూశాను. మాట కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన నన్ను చెప్పనివ్వలేదు. ఏమీ అడగలేదు కూడా. గొడుగు విప్పుతూ, ఎటో చూస్తూ అన్నారు.

"ఏటే గుంటా, ఆ టీము మళ్ళీ సేరినాదని నువ్వూ నలుగురికీ సెప్పు. నా మాట ఒకోసారి నమ్మరు. నువ్వు నాతో ఒప్పుకున్నావంటే నమ్ముతారు."

ఆ వారమంతా మింగళ తౌంగ్‌న్యున్ సందుల్లోనూ, తామ్వేలో మా పెద్దమ్మ ఇంట్లోనూ సయ్యాగారి పక్షాన వాదించాను. కాదన్నవాళ్ళ నోళ్ళు మూయించాను. నా జీవితంలో అన్నిటికంటే బాగా చేసిన వాదన అదే, అందులో ఒక్క ముక్క నిజం లేదు.

ఆ తర్వాత నెల మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజనం, రొట్టే ద్రాక్షరసమూ సంఘమంతా పంచుకునే రోజు. డీకనుగా పళ్ళెం అందించేది సయ్యాగారే. అందరికీ రొట్టె, గిన్నె అందించి, తన వంతు వచ్చేసరికి ముట్టుకోకుండా బల్ల మీద పెట్టేశారు. ఆ తర్వాతి నెలా అంతే. రహస్య పాపమేదో ఉందని గుసగుసలు మొదలయ్యాయి. ఆయన భార్యను పలకరించడం కొందరు మానేశారు. డీకను పని కూడా తీసేశారు. కారణం చెప్పగలిగినవాళ్ళం మా ఇంట్లో ముగ్గురమే, చెప్పకూడనివాళ్ళమూ మేమే. ఒకరోజు ఉండబట్టలేక ఇంటికి వెళ్ళి అడిగాను, దేవుడు ఆ మాత్రం అర్థం చేసుకోడా అని. ఆయన కోపం తెచ్చుకోలేదు. పిల్లలకు లెక్క చెప్పినట్టే చెప్పారు. చేసిన తప్పు మానేస్తేనే పశ్చాత్తాపం. తనది ఇంకా నడుస్తున్న అబద్ధం. నడుస్తుండగా గిన్నె ఎలా ముట్టుకోవాలి.

వాదించకుండా లేచి ఇంటికి వచ్చేశాను. ఆయన ముందు అలా జరగడం అదే మొదటిసారి.

ఆయన ఏడేళ్ళు వెనక బెంచీలో కూర్చున్నారు. మా ఇంట్లో ఆ ఏడేళ్ళూ రాత్రి అన్నానికి ముందు ప్రార్థనలో అన్నియ్య తర్వాత ఆయన పేరే. కాలేజీలు తెరిచారు, మూశారు, తెరిచారు. నా డిగ్రీ ఎలాగో పూర్తయింది. నాన్న రిటైరయ్యారు. అప్పుడు వచ్చింది అన్నియ్య సొంత చేతిరాతతో, సొంత సంతకంతో ఉత్తరం. వేరే దేశంలో కాగితాలు దొరికాయి, పని దొరికింది, పెళ్ళి చేసుకుంటున్నాడు. ఇక ఎవరు ఏం చేసినా ఆ పిల్లాడిని అందుకోలేరు, మాకు పోయేదీ పెద్దగా లేదు. నాన్న చెప్పులు వేసుకుని ఆ ఉత్తరం తీసుకుని నేరుగా సయ్యాగారి ఇంటికి వెళ్ళారు.

ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం, పాస్టరుగారు రొట్టె విరవకముందే సయ్యాగారు లేచారు. అప్పటికి బాగా సన్నబడిపోయారు. ఏడేళ్ళ కిందట ఈ గుడిలో నిలబడి ఫుట్‌బాల్ గురించి అబద్ధం చెప్పాననీ, ఆ జట్టు లీగులో మళ్ళీ చేరలేదనీ, సంఘం క్షమించాలనీ అన్నారు. ఎందుకు చెప్పారో చెప్పలేదు. కుర్రాళ్ళు నవ్వారు. నా పక్కావిడ, ఏడేళ్ళూ ఆయన భార్యతో మాట్లాడని మనిషి, ఓస్, ఇంతేనా, బంతాట గురించా అంది. నా నాలుక చివర్న ఒక మాట సిద్ధంగా ఉంది, మంచి పదునైన మాట. అమ్మ లేచి నిలబడింది కాబట్టి అది మింగేశాను.

అమ్మ నడుచుకుంటూ వెళ్ళి, బల్ల మీది గిన్నె ఉన్న పళ్ళెం తనే తీసుకుని, వెనక బెంచీ దాకా వెళ్ళి ఆయన ముందు పట్టుకుంది. మా సంఘంలో ఆడవాళ్ళు పళ్ళెం ముట్టుకోరు. సరిదిద్దడానికి ఆ రోజు ఎవరూ లేవలేదు. సయ్యాగారు రెండు చేతులతో గిన్నె తీసుకుని తాగారు.