మడమలో లేని ముల్లు

పదేళ్ల వయసులో నేనాడిన ఒకే ఒక్క అబద్ధానికి, పామిడి పక్కనున్న మా ఊళ్లో సగం మంది సూదులు పట్టుకుని నా కాలి మీద పడ్డారు. చివరికి వ్యవహారం ఎముక దాకా పోయింది. కాలు ఇప్పుడు భేషుగ్గా ఉంది కాబట్టి మీరు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు.

మా పిల్లి పేరు బంగారి. వేరుశనగ మూటల్ని ఎలుకల నుంచి కాపాడుతుందని తెచ్చుకున్నాం గానీ, దాని దృష్టంతా మా పెరుగుగిన్నె మీదే. ఒకసారి పక్కింటాయన్ని కరిచేసరికి నాయన తీర్పు చెప్పేశాడు: "ఇంగొకసారి ఎవరినన్నా కరిసిందా, గోనెసంచిలో ఏసకపోయి పెన్నేటి అవతల ఇడిసొస్తా!"

అలాంటి పిల్లికి నా గజ్జెలు కట్టి ముచ్చట చూడాలని నాకు బుద్ధి పుట్టింది. మొదటి ముడి పడకముందే అది నా మడమలో పళ్లు దింపి పరారైంది. నా అరుపుకి అవ్వ పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందే?"

"ముల్లు గుచ్చుకున్యాదవ్వా! సర్కారు తుమ్మ ముల్లు!"

మా సీమలో ఇంతకంటే గట్టి అబద్ధం లేదండీ. వాన పడకపోయినా ఆ కంప మాత్రం పెరుగుతుంది. ముల్లు గుచ్చుకుందంటే ఎవరూ సాక్ష్యం అడగరు.

నాలుగు రోజులకు మడమ బన్నులా ఉబ్బింది. "ముల్లు లోపలే ఇరిగిండాది" అని అవ్వ తేల్చేసింది. తన చేతి బొటనవేలికీ గుడ్డ చుట్టుకునే ఉంది పాపం. ఆమెకూ ఆ కంపే గీసుకుందట. అయినా అద్దాలు పెట్టుకుని సూది అందుకుంది. ఇరుగుపొరుగమ్మలు చుట్టూ చేరారు.

"ఆడ కాదత్తా, ఈడుండాది!"

"నల్లగా కనపడతాంది సూడు!"

"అది మట్టి లేవే!"

ముల్లును ముల్లుతోనే తీయాలంటారు. లేని ముల్లును దేంతో తీస్తారు? ఉల్లిగడ్డ కాల్చి కట్టారు. ఊళ్లో డాక్టరు ముల్లుకని మాత్రలిచ్చాడు. జ్వరం వచ్చింది, నడక పోయింది, నేను మాత్రం నోరు విప్పలేదు. కాలు కావాలా, పిల్లి కావాలా అంటే పిల్లే అని మనసులోనే మొండికేశాను.

చివరికి నాయన, అవ్వ నన్ను అనంతపురం ఆసుపత్రికి మోసుకుపోయారు. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫోటోలు తీయించి, "చీము ఎముకకు పట్టింది. ముల్లు ఫోటోలో కనపడదు. లోపలుంటే కోసి వెతకల్ల" అంది.

కోసి! లేనిదాని కోసం ఎంత లోతుకు పోతారో ఏమో!

డాక్టరమ్మ మడమ వైపు వంగి, "ఏం పాపా, ఒకే ముల్లు రెండు చోట్ల ఎట్ల గుచ్చుకునె?" అంది.

నేను బోరుమన్నాను. "ముల్లు కాదు, బంగారి! మా పిల్లి! దాన్ని సంచిలో ఏయొద్దని చెప్పండి!"

"ముందే చెప్పింటే ఇన్ని దినాలు వేరే మాత్రలు మింగే పని లేకపోయె కదమ్మా! పిల్లి నోట్లోని క్రిమి ఎముక దాకా పోయింది. మందు మారుస్తాను, కాలికేం కాదు. కరిచినందుకు సూదులు కూడా వేయించుకోవల్ల."

నాయన పళ్లు కొరికాడు. "ఆ సంచి యాడుందో..."

డాక్టరమ్మ ఈలోగా అవ్వ వైపు తిరిగింది. "అవ్వా, ఆ వేలికేమైంది?"

అవ్వ గోడకున్న గడియారం కేసి చూసింది. "ముల్లు..."

"ముల్లేనా?"

"పెరుగుగిన్నె లాక్కుంటాంటే... రోంత, ఇంతే ఇంత కరిసింది."

"నిన్ను కూడానా!" అని నాయన కేకేశాడు.

అవ్వ ఆయన మీదికే లేచింది. "నువ్వు సంచి సంచి అంటాంటే ఎట్ల చెప్పేదప్పా? రేపు ఎలకలొస్తే నువ్వు కాపలా ఉంటావా?"

అంటే వారం రోజులు నా మడమలో ముల్లు వెతికిన మనిషి, తనూ అదే ముల్లు కాటు తిన్నదన్నమాట! నాయనకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. "ఇంగ సంచి మాటెత్తను. నిజం చెప్పండి, సాలు" అని చేతులెత్తేశాడు. సూదులకు అవ్వా నేనూ ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నా మందులు వారాల తరబడి సాగాయి. బంగారి మాత్రం ఒక్కరోజు కూడా పెరుగు మానలేదు.

ఆనాడే ఎడమ మడమ మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఏ డాక్టరు దగ్గరా, నిజంగా ముల్లే గుచ్చుకున్నా సరే, ముల్లని మాత్రం చెప్పను.