ఫోటో కోసం కార్డు

వేసవిలో బడి మూతపడగానే, ఆ బడిలో పిల్లల ఆరోగ్యం చూసే నర్సమ్మ వీధివీధీ తిరిగి పిల్లలను ఆరోగ్య బీమాలో చేర్పించేది. ఈసారి పై అధికారి శిబిరమంటూ పెద్ద పందిరి వేయించాడు. ఉబ్బసం ఉన్న ఓ చిన్నపిల్లను ఎండలో నిలబెట్టి, చేతిలో బీమా కార్డు పెట్టి ఫోటో తీయించుకున్నాడు. ఫోటో అవగానే గుమాస్తా ఆ కార్డు లాగేసుకున్నాడు.

"అదేంటి బాబూ?" అంది నర్సమ్మ.

"ఇది ఉత్తి అట్టముక్కండీ, ఫోటో కోసం. అసలువి సెలవులయ్యాక చూద్దాం."

పిల్లకు ఆయాసం ముదిరేదే ఈ దుమ్ముకాలంలో. "బంగారు తల్లి" అంటూ మరో పిల్ల బుగ్గ గిల్లుతున్న అధికారిని చూస్తే నర్సమ్మకు రోత పుట్టింది. ఆ ఉబ్బసం పిల్లనీ, వాళ్ళమ్మనీ వెంటబెట్టుకుని తిన్నగా బీమా ఆఫీసుకెళ్ళి కూర్చుంది.

"భోజనాల వేళండీ, రేపు రండి" అన్నాడక్కడి ఉద్యోగి.

"తినిరండి. నేనెక్కడికీ పోను."

సాయంత్రానికి పిల్ల పేరు బీమాలోకెక్కింది. వారం తిరక్కముందే పిల్ల ఆసుపత్రిలో చేరింది. బీమా ఆదుకుంది, పిల్ల తేరుకుంది.

"ఆ అధికారిని కాదని మాకోసం ఆఫీసుకెళ్ళినందుకు ఇకమీదట మిమ్మల్ని శిబిరాలకు పిలవరటగా అక్కా" అని తల్లి నొచ్చుకుంది.

"పీడా విరగడైంది" అని నర్సమ్మ పక్క వీధిలో పిల్లలున్న ఇళ్ళవైపు నడిచింది.